బెంగ టోపీ

జీడిపిక్కలు కొట్టేవాళ్ళ చేతులు మీరెప్పుడైనా చూశారా? చూసుండరు. తెల్లటి పప్పు నోట్లో వేసుకుంటారే గాని ఆ పిక్కలో రసం ఎలాంటిదో మీకెందుకు తెలుస్తుంది! నా వేళ్ళు నల్లగా, నున్నగా ఉంటాయి. గీతలన్నీ ఆ రసమే తినేసింది. రేషను షాపులో మిషను మీద వేలు పెడితే, అసలక్కడ మనిషే లేనట్టు ఎర్ర దీపం వెలుగుతుంది. పలాసలో మా వీధి ఆడవాళ్ళందరిదీ ఇదే తంతు.

విశాఖ ఆస్పత్రిలో బెంగ టోపీ పెట్టుకోవడానికి ఒప్పుకున్నట్టు నన్ను వేలిముద్ర వెయ్యమన్నప్పుడూ అదే అయింది. ఎన్నిసార్లు నొక్కినా పడలేదు. డాక్టరు వింధ్యమ్మ నవ్వేసి, "మీరు ఎక్కడా దొరకని దొంగ అయిపోవచ్చు మామ్మగారూ" అని, నా కంటి ఫొటో తీసుకుంది. నేనూ నవ్వాను. ఆ రోజు నవ్వడానికి నాలో అంతా ఉంది.

హైమ నా కోడలు. మా అప్పన్నని చేసుకుని వచ్చిన ఏడాదే నాతోపాటు పిక్కల బల్ల దగ్గర కూర్చుంది. నేను కొట్టడం, అది పప్పు తియ్యడం. పొద్దున్నుంచి సాయంత్రం దాకా పక్కపక్కనే. అత్తాకోడళ్ళు అంతసేపు పక్కన కూర్చుంటే కొట్టుకోవాలి, లేదా ఒక్కటైపోవాలి. మేం మొదట బాగా కొట్టుకున్నాం, తరవాత ఒక్కటైపోయాం. నేను సగం మాట అంటే మిగతా సగం అది అనేది. జోషిత పుట్టాక ఉయ్యాల కూడా ఆ బల్ల పక్కనే కట్టాం. పేరు పెట్టింది వాళ్ళమ్మే. నా నోట తిరగదు, జోషీ అంటాను.

ఆ పిల్లకి ఆరేళ్ళప్పుడు హైమకి రొమ్ములో గడ్డ తేలింది. మా వీధిలో ఆ జబ్బు పేరు ఎవరూ పలకరు. "పెద్దది" అంటారు, గొంతు తగ్గించి. ఆ పెద్దది అప్పటికే కాలేయం దాకా పాకిపోయింది. విశాఖలో చేర్చాం. తోడుగా నేనున్నాను. పిల్లని దగ్గరికి రానివ్వకూడదన్నారు, మందు ఎక్కుతున్నప్పుడు ఒంట్లో రక్షణ ఉండదని. జోషి పలాసలో వాళ్ళ నాన్న దగ్గర ఉండిపోయింది.

మందు చూస్తే ఎర్రగా, రోజాపువ్వు రంగు పానకంలా ఉండేది. అది ఎక్కిస్తే హైమ కడుపులో ఏదీ నిలిచేది కాదు. మందు వల్ల అనుకున్నారు అందరూ. నాకు తెలుసు, అది సగమే. మిగతా సగం ఆ పిల్ల. కంచం ముందు పెడితే "పిల్ల తినీసి ఉంటదా అత్తా? అప్పన్నకి పప్పు ఉడకబెట్టడం కూడా రాదు" అనేది. ముద్ద అక్కడే ఆగిపోయేది. బరువు తగ్గిపోతే ఇంకో విడత మందు ఎక్కించలేమని చెప్పేశారు.

ఆ ఆస్పత్రిలో ఒక గది ఉంది. కబుర్ల గది అనేవాళ్ళం. జబ్బు మనుషులూ వాళ్ళకి తోడొచ్చినవాళ్ళూ గుండ్రంగా కుర్చీలేసుకుని కూర్చుని, మనసులో ఉన్నది చెప్పుకోవాలి. మొదటి రోజు ఎవరూ నోరు విప్పలేదు. టెక్కలి వైపు నుంచి వచ్చిన సన్నెమ్మే విప్పింది. నిజానికి విప్పడానికి ఆవిడకి నోరు సగమే ఉంది. చిన్నప్పట్నుంచీ అడ్డపొగ తాగింది, అంటే చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని. అంగిలి తీసేశారు. మాట ముక్కులోంచి వచ్చేది.

"మీకున్న భయాన్ని పదికి ఎన్ని మార్కులు వేస్తారు?" అని వింధ్యమ్మ ఒక్కొక్కరినీ అడుగుతోంది.

"పదకొండు ఏసుకో తల్లీ, ఎప్పుడూ బళ్ళో పాసవలేదు" అంది సన్నెమ్మ. "నలభై ఏళ్ళు నిప్పు నోట్లో ఎట్టుకున్నదాన్ని. ఇప్పుడు భయమేటి?"

అందరూ నవ్వారు. హైమ కూడా. నవ్వు ఆగాక తన వంతు వచ్చింది.

"నాకు భయం కాదు మేడం. బెంగ."

"దేని గురించి?"

"పిల్ల మీద."

వింధ్యమ్మ చేతిలో పలకలాంటి దానిమీద వేలు ఆడించింది. మంచి పిల్ల ఆవిడ, అబద్ధం చెప్పకూడదు. తిండి మానుకుని మా పక్కన కూర్చునేది. కాకపోతే ఆ పలకలో భయానికో గడి ఉంది, నొప్పికో గడి ఉంది, దిగులుకో గడి ఉంది. బెంగకి గడి లేదు. భయానికి ఊళ్ళో వాళ్ళు పెట్టుకున్న ముద్దు పేరేమో అనుకుని, భయం గడిలో వేసింది. ఈ సంగతి చాలా రోజుల తరవాత తనే చెప్పింది, తల వంచుకుని. అప్పుడు మాకు తెలీదు. తెలిసినా ఏమనేవాళ్ళం? బెంగంటే ఏమిటని అడిగితే నేను మాత్రం చెప్పగలనా? పిల్ల కనబడకపోతే చేతులు ఖాళీగా ఉన్నట్టుంటుంది చూడండి, అది. భయమైతే పారిపోవాలనిపిస్తుంది. బెంగైతే దగ్గరికి పరిగెత్తాలనిపిస్తుంది.

వారం తిరక్కుండా వింధ్యమ్మ మమ్మల్ని వేరే గదిలోకి పిలిచింది. రెండు టోపీలు చూపించింది. స్నానానికి పెట్టుకునే రబ్బరు టోపీల్లా మెత్తగా ఉన్నాయి, లోపల పుట్టగొడుగుల్లా చిన్న చిన్న బొడిపెలు.

"హైమని తినకుండా చేస్తున్నదాన్ని తీసెయ్యొచ్చు మామ్మగారూ. కాని పారెయ్యడానికి కుదరదు. ఇంకొకరి బుర్రలోకి పోవాలి. లేకపోతే మళ్ళీ అక్కడికే వచ్చేస్తుంది."

"పేలు లాంటిదన్నమాట" అన్నాను.

"అచ్చంగా" అంది నవ్వుతూ. "కాని ఎవరి తలలోకి పడితే వాళ్ళ తలలోకి ఎక్కదు. బాగా కలిసి బతికిన మనిషై ఉండాలి."

అప్పన్నని పిలిపించి ముందు వాడి తల చూశారు. ఇద్దరి బుర్రలూ కలవలేదు. "ఆడి బుర్రలో క్రికెట్టు తప్ప ఏటున్నాది మేడం?" అంది హైమ. నా తల పెట్టగానే గోడమీద తెర నిండా పచ్చగా వెలిగింది. పిక్కల బల్ల దగ్గర ఎనిమిదేళ్ళు కూర్చున్నాం, వెలగదా మరి!

"నీకెందుకత్తా ఈ బరువు?" అంది హైమ.

"నా దగ్గర ఉన్నాది కొంత. మరి కొంచెం పడితే మునిగిపోతానేటి?"

టోపీలు పెట్టారు. తీసేదేమిటో మిషనుకి ముందు చూపించాలట, కుక్కకి వాసన చూపించినట్టు. హైమ చేతికి జోషి విడిచిన గౌను ఇచ్చారు, ఉతకనిది. అది ముఖానికి పెట్టుకుందో లేదో, ఏడుపు తన్నుకొచ్చింది. "అదీ, అదే" అంటూ వింధ్యమ్మ మీట నొక్కింది.

నాకు మొదట ఏమీ తెలీలేదు. తరవాత మణికట్లు లాగాయి. ఆ లాగడం మోచేతుల్లోకి, భుజాల్లోకి ఎక్కి, ఎప్పుడో ఎండిపోయిన నా రొమ్ముల్లోకి దిగింది. పాలు చేపు వచ్చినట్టు. డెబ్బై ఏళ్ళదాన్ని, సిగ్గేసింది. మా వీధి చివర రోడ్డు మీద లారీలు గుర్తొచ్చాయి. పిల్ల చెప్పు పట్టీ తెగి ఉందని గుర్తొచ్చింది. అది నేను చూడలేదు, హైమ చూసింది! "గుంటకి చెప్పులు కొనమని అప్పన్నకి చెప్పండి" అని అరిచాను.

పక్క మంచం మీద హైమ కళ్ళు తుడుచుకుంది. గౌను మడత పెట్టి పక్కన పెట్టింది.

"అత్తా, ఆకలేస్తంది."

ఆ మాట విని వింధ్యమ్మ ఏడ్చింది, నర్సులు చప్పట్లు కొట్టారు. కేంటీను నుంచి ఇడ్లీ తెప్పిస్తే మొత్తం తినేసి ఇంకోటి అడిగింది. నేనా, తలుపు వైపే చూస్తూ కూర్చున్నాను.

ఆ తరవాత హైమ కోలుకున్నట్టే కనబడింది. తినేది, పడుకునేది, ఎర్ర మందు ఎక్కుతుంటే టీవీ చూసేది. కబుర్ల గదిలో వాళ్ళందరూ మాకూ టోపీ పెట్టమని వింధ్యమ్మ చుట్టూ చేరారు. సన్నెమ్మ ఒక్కతే దూరంగా కూర్చుంది.

"నా కొడుకులు ఎప్పుడో టోపీ ఎట్టీసినారు నాకు. మళ్ళీ మీరెందుకు?" అంది. గది గొల్లుమంది. తరవాత నాకేసి వంగి మెల్లగా, "నీ కోడలు ఫోనులో పిల్లతో మాటాడ్డం విన్నావా వదినా?" అంది.

విన్నాను. అంతకుముందు ఆ ఫోను పెట్టాలంటే ఇద్దర్నీ విడదీయాల్సి వచ్చేది. మొన్న పిల్ల ముందు పన్ను ఊడిందని నోరు తెరిచి చూపిస్తే, "బాగుంది. ఇంక పెట్టీనా మరి?" అంది హైమ. పెట్టేసి టీవీ సౌండు పెంచింది. ఊడిన ఆ పన్ను ఎక్కడ పారేశారో, కప్పు మీదకి విసిరారో లేదోనని ఆ రోజంతా గుంజాటన పడింది నేను.

మందుకీ మందుకీ మధ్య ఒంట్లో రక్షణ కాస్త కుదురుకుందని, పిల్లని తీసుకురావచ్చన్నారు. అప్పన్న తెచ్చాడు. కొత్త చెప్పులు టకటకలాడించుకుంటూ వచ్చి, గుమ్మంలోంచే "అమ్మా!" అని మంచం మీదకి ఉరికింది. హైమ జరిగి చోటిచ్చింది. బస్సులో పక్కవాళ్ళకి జరిగి ఇస్తాం చూడండి, అలాగ.

"బాగా చదువుతున్నావా? నాన్న మాట వింటన్నావా?" అంది. పెళ్ళిలో కనబడ్డ చుట్టాలు అడిగే ప్రశ్నలవి.

జోషి కాసేపు వాళ్ళమ్మ ముఖం చూసింది. టీచరు వేసిన లెక్క అర్థం కానట్టు చూసింది. మెల్లిగా మంచం దిగి నా దగ్గరికి వచ్చి, నా కొంగు పట్టుకుంది.

"మామ్మా, అమ్మకి నా మీద కోపమొచ్చిందా?"

"లేదమ్మీ. మందు మత్తు."

నా గుండెలో రెండు బెంగలు ఒకేసారి లేచాయి. ఏది నాదో ఏది దానిదో తెలీకుండా పిల్లని హత్తుకున్నాను. ఎంత గట్టిగా హత్తుకున్నానంటే అది "ఊపిరాడట్లేదు" అంది. హైమ మమ్మల్ని చూసి, "మీ ఇద్దరికీ బాగుందిలే" అని నవ్వింది. ఆ నవ్వులో కుళ్ళు లేదు, ఏమీ లేదు. అదే భరించలేకపోయాను.

ఊరికి తిరిగి వెళ్ళాక పిల్ల ఫోను దగ్గరికి రావడం మానేసింది. అన్నం తినడం తగ్గించింది. బళ్ళో ఎవరితోనూ మాట్లాడటం లేదని అప్పన్న చెప్పాడు. ఆ రోజుల్లోనే హైమ, వింధ్యమ్మ పరీక్షకి వచ్చినప్పుడు, పూలమ్మాయితో రేపు పూలు వద్దన్నంత తేలిగ్గా అంది.

"ఇంక ఎర్ర మందు వద్దు మేడం. చాలు."

"మానేస్తే ఏమవుతుందో తెలుసు కదా హైమా?"

"తెలుసు."

"మరి జోషిత?"

"అత్తుంది కదా."

వింధ్యమ్మ ముఖం తెల్లబోయింది. వరండాలోకి వచ్చి గోడకి ఆనుకుని నిలబడిపోయింది. అప్పుడే చెప్పింది నాకు, ఆ గడి సంగతి. "భయం తీశాననుకున్నాను మామ్మగారూ. ఆ సూదులన్నీ ఎందుకు ఓర్చుకుందో, అదే తీసేశాను."

"తిరిగి ఇచ్చీ మరి."

"ఇవ్వొచ్చు. కానీ తన బాధ మామూలుగా ఉండదు. ఎక్కువ రోజులు లేవని తెలిసీ ఆ పిల్ల కోసం కొట్టుకుంటుంది. ఇప్పుడైతే ప్రశాంతంగా పోతుంది." ఇంకో మాట కూడా అంది. "మీలో మీదీ ఉంది, తనదీ ఉంది. నీళ్ళలో నీళ్ళు పోసినట్టయింది. తనది మాత్రమే తియ్యగలనని మాటివ్వలేను."

ఆ చివరి మాట నా చెవిలో పడింది గాని, లోపలికి దిగలేదు. నాకు పిల్ల కొంగు పట్టుకోవడమే కనబడుతోంది. తల్లి ఎలాగూ దక్కదు. పోయేలోపు ఒక్కసారైనా తల్లి తనకోసం ఏడవడం ఆ పిల్ల చూడాలి. లేకపోతే అది బతికినన్నాళ్ళూ, అమ్మకి నేను అక్కర్లేదు అనుకుంటూ బతుకుతుంది. నాకు కావల్సింది అంతే.

హైమని అడిగాను. ఒప్పుకోదేమో అనుకున్నాను. ఒప్పుకుంది, సంచీ మార్చుకున్నట్టు.

"నీకు బరువుగా ఉంటే ఇచ్చీ అత్తా. మొయ్యలేకపోతన్నావు, తెలుస్తంది."

మళ్ళీ వేలిముద్ర అడిగారు, మళ్ళీ పడలేదు. మళ్ళీ కన్ను చూపించాను. ఈసారి గౌను నా చేతికిచ్చారు. ముఖానికి పెట్టుకున్నాను. పిల్ల తల నూనె వాసన, సుద్దముక్క వాసన. వింధ్యమ్మ మీట నొక్కింది.

నాలోంచి అది పోవడం హాయిగా ఉందంటే నమ్ముతారా? రోజంతా పిక్కలు కొట్టి నడుం వాల్చినట్టుంది. కళ్ళు మూతలు పడ్డాయి. అంతలో హైమ కేక.

అలాంటి కేక పురిటి గదిలో విన్నాను, శ్మశానంలో విన్నాను. రెండూ కలిపి ఒక గొంతులో వినడం అదే. "నా పిల్లేదీ? పన్నూడిందన్నాది, నానేటన్నాను? నానేటన్నానత్తా దాంతో?" టోపీ పీకి పారేసింది. చేతిలో సూది ఊడి నేలంతా రక్తం. అప్పన్నకి ఫోను చేశారు, వాడు పిల్లని తీసుకుని దొరికిన రైలెక్కాడు. వాళ్ళొచ్చేదాకా హైమ మంచం కమ్మీ పట్టుకుని కూర్చునే ఉంది. పడుకోమంటే "నాను పడుకున్నాక అది వొచ్చీస్తే?" అంది.

పిల్ల వచ్చింది. గుమ్మం దగ్గరే ఆగిపోయింది. హైమ రెండు చేతులూ చాపింది. జోషి కదల్లేదు. అడ్డంగా నడిచి నా వెనక్కి వచ్చి, కొంగు చాటున నిలబడింది.

హైమ చేతులు అలాగే చాపి ఉంచింది. దించలేదు. "రాకపోతే పర్లేదమ్మా. నాను సూస్తంటాను. నువ్వక్కడే ఉండు, నాను సూస్తంటాను" అంటూనే ఉంది. చాలాసేపటికి కొంగు చాటునుంచి ఒక కన్ను బయటికి వచ్చింది. తరవాత ఒక చెయ్యి. మంచం దాకా వెళ్ళి, వాళ్ళమ్మ చిటికెన వేలు మాత్రం పట్టుకుంది. హైమ పిల్లని లాక్కోలేదు. వేలు ఇచ్చి, ఊపిరి బిగబట్టి కూర్చుంది. ఆఖరికి పిల్ల తనే నోరు తెరిచి, పన్నూడిన చోటు చూపించింది.

గదిలో నర్సులు ఏడుస్తున్నారు, అప్పన్న గోడవైపు తిరిగాడు. నేను మాత్రం పిల్ల కొత్త చెప్పులు చూశాను. ఒక సైజు పెద్దవి కొన్నాడు వీడు, అనుకున్నాను. అంతే అనుకున్నాను. ఇంకేదో రావాలి కదా అని ఆగి చూశాను. ఏమీ రాలేదు.

వింధ్యమ్మ నన్నే చూస్తోంది.

"మామ్మగారూ, మీది కూడా..."

"హైమకి చెప్పకు" అన్నాను.

కొన్నాళ్ళకి ఆవిడే అడిగింది, కొంతైనా వెనక్కి తీద్దామా అని. తీస్తే మొత్తం వచ్చేస్తుంది, సగం చెయ్యడం రాదు. హైమ ఆ రెండు బెంగలతోనే మళ్ళీ ఎర్ర మందుకి చెయ్యి చాపింది. వాంతి చేసుకుని మళ్ళీ తినేది. ఎముకల్లో నొప్పి పుడితే పళ్ళు బిగించి, ఫోనులో పిల్ల చేత ఎక్కాలు చెప్పించుకునేది. అది తింటున్న కంచంలోంచి నేనెలా లాక్కోను? వద్దన్నాను.

ఆర్నెల్లు ఉండదన్న మనిషి ఆ ఎండలు దాటి, వానలు దాటి, చలి మొదలయ్యేదాకా ఉంది. ప్రశాంతంగా పోలేదు. వింధ్యమ్మ చెప్పింది నిజమే. పిల్ల జడ చేత్తో పట్టుకుని, "ఇంకొంచెంసేపు, ఇంకొంచెంసేపు" అని ఎవరినో బతిమాలుతూ పోయింది. ఆ జడ దాని గుప్పిట్లోంచి విడిపించింది నేనే. నా బెంగ కూడా అది పట్టుకుపోయింది. పోయినవాళ్ళ తలకి టోపీ పెట్టలేరు కదా.

వింధ్యమ్మ ఆ టోపీలు మూల పడేసింది. ఇప్పుడు కబుర్ల గదిలో తనూ ఒక కుర్చీ వేసుకుని కూర్చుంటుందట. ఎవరికీ మార్కులు వెయ్యదట. బెంగ అంటే బెంగ అనే రాస్తుందట, తెలుగులో. సన్నెమ్మ పోయేముందు ఫోను చేసి చెప్పింది ఇవన్నీ. "పదిమందిమీ కూకుని ఏడుస్తన్నాం వదినా. కొంచెం తేలిగ్గానే ఉన్నాది" అంది.

నాకు పిల్ల మీద ప్రేమ లేదని అనుకోకండి. ప్రేమ వేరు. అన్నం వేడిగా పెడతాను. తలకి నూనె రాసి రెండు జడలు వేస్తాను. జ్వరమొస్తే బిళ్ళ వేసి, తడిగుడ్డ వేస్తాను, నిద్ర కూడా పడుతుంది నాకు. బడి వదిలే వేళకి వీధి చివర లారీల రోడ్డు దగ్గర నిలబడతాను. కాళ్ళకి అలవాటు, అవే వెళ్తాయి. ఆలస్యమైతే గుండె గుబగుబలాడుతుందేమోనని నిలబడి చూస్తుంటాను. రేషను మిషను మీద వేలు పెట్టినట్టే. నొక్కుతాను, పడదు.

పిల్లకి తెలుసేమోనని నా అనుమానం. ఒకసారి మోసపోయిన పిల్ల కదా, ముఖాలు చదవడం నేర్చుకుంది. ఇప్పుడు మూడో తరగతి. పొద్దున్నే సంచీ తగిలించుకుని గుమ్మం దిగుతుంది, నాలుగడుగులు వేసి వెనక్కి తిరుగుతుంది. మా వైపు ఎవరు గడప దాటినా అనే మాటే అదీ అంటుంది, వాళ్ళమ్మ నేర్పిన మాట.

"మామ్మా, బెంగెట్టుకోకు. ఒచ్చీస్తాను."

"ఎట్టుకోనమ్మీ" అంటాను.

అని, తలుపు వేసుకుంటాను. అది ఇంకా అక్కడే నిలబడి చూస్తోందని తెలుసు.